నీట మునిగిన పంట ఎవరిది, సాయం ఎవరి ఖాతాకు?

(బాపట్ల జిల్లాలో ఏరువాకకు ముందు జరిగిన రైతుల సభలో ఒక విశ్రాంత మండల వ్యవసాయాధికారి చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. కౌళ్లు మాట్లాడుకునే రోజులు, నారుమళ్లకు సిద్ధమయ్యే రోజులు. పనులు మానుకుని వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. పంట పోయినప్పుడు ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి రాయితీ, అదే మనం ఇన్‌పుట్ సబ్సిడీ అంటున్నామే, దాని గురించి చెప్పమన్నారు. అది ఎంత, ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరి పేరు మీద పడుతుంది? మొదటి రెండూ తొందరగా చెప్పేస్తాను. మూడోదాని గురించి మాట్లాడాలనే ఈ సభకు రావడానికి ఒప్పుకున్నాను.

2023 డిసెంబరు 5 మధ్యాహ్నం మిచాంగ్ తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పటికి చేలు ఎలా ఉన్నాయో మీ కళ్లముందే ఉంది. కొందరు కోసి పనలు చేలోనే వదిలారు, రెండెండలు కాస్తే కుప్ప వేద్దామని. కొందరు కుప్పలు వేసి బరకాల కోసం తిరుగుతున్నారు. కొందరిది ఇంకా కొడవలి పెట్టని చేను, వెన్ను బరువుకి వంగి ఉంది. సాంబ మసూరి మన బాపట్ల పరిశోధన కేంద్రంలోనే పుట్టింది. 1986లో విడుదలైన ఆ బీపీటీ 5204 అన్నాన్ని దేశమంతా మెచ్చుకుంది కానీ ఆ పైరు ఈదురుగాలికి నిలబడదు. ఒక్క పూటలో చాప చుట్టినట్టు పడిపోయింది. నాలుగో రోజుకి వెన్నుల్లోనే మొలకలొచ్చాయి. పనలు నీళ్లలో నాని నల్లబడ్డాయి.

ఇంకొకటి కూడా పోయింది, దాని గురించి పేపర్లలో పెద్దగా రాలేదు. మన మాగాణిలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేలలో తడి ఉండగానే మినుములు చల్లుతాం. ఎకరానికి పదహారు కిలోల దాకా విత్తనం పడుతుంది. తుపానుకు ముందు చల్లిన మినుము చల్లినట్టే కుళ్లిపోయింది. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు ఖరీఫ్ పంట నమోదు చేతిలో పట్టుకుని వచ్చారు, అందులో ఉన్నది వరి. రబీ నమోదు అప్పటికి మొదలే కాలేదు. నమోదులో లేని పంటకు నష్టం ఎలా రాస్తారు? ఆ విత్తనం ఖర్చు రైతు మీదే పడింది.

నష్టం రాయడానికి ఒక హద్దు ఉంది. పంటలో 33 శాతం, ఆపైన పోతేనే సాయం. 2015కి ముందు ఇది 50 శాతంగా ఉండేది. సగం పంట పోయినవాడికే సాయం అనే పద్ధతి పోయి మూడో వంతుకు దిగడం రైతుకు పెద్ద ఊరట, ఆ మార్పును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ ముప్పై మూడు అని తేల్చేది గట్టు మీద నిలబడ్డ మనుషులే. గ్రామ వ్యవసాయ సహాయకుడు, వీఆర్వో కలిసి వస్తారు, ఫోటో తీస్తారు, కొలతలు రాసుకుంటారు. నీళ్లు నిలిచి ఉండగా వస్తే అంతా పోయినట్టే కనిపిస్తుంది. నీళ్లు తీశాక వస్తే పడిన పైరు కాస్త లేచి నిలబడినట్టుంటుంది, గట్టు మీది నుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది. చేలోకి దిగి నాలుగు చోట్ల దుబ్బులు పట్టి, వెన్ను అరచేతిలో నలిపి చూడాలి. తాలు ఎంత, మొలకెత్తింది ఎంత, రంగు మారింది ఎంత అని. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు నా కింద పనిచేసే పిల్లలకు ఎప్పుడూ ఇదే చెప్పేవాణ్ణి, చెప్పులు విడిచి దిగండి అని. దిగినవాళ్లున్నారు. ఒక్కొక్కరి మీద రెండు మూడు ఊళ్లు పడి, వారంలో జాబితా పంపమని పైనుంచి ఒత్తిడి వచ్చి, దిగలేకపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లను తిట్టి లాభం లేదు. ఆ వారం రోజులు మీరే చేను దగ్గర ఉండి దింపాలి.

ఇప్పుడు డబ్బు సంగతి. ఇది రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి వస్తుంది. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రతి రాష్ట్రంలోనూ ఆ నిధి ఉంది. మనలాంటి రాష్ట్రాలకు అందులో 75 శాతం కేంద్రం వేస్తుంది, మిగతా పావు వంతు రాష్ట్రం వేసుకోవాలి. ఆ నిధిలోంచి దేనికి ఎంత ఇవ్వొచ్చో కేంద్ర హోం శాఖ ఒక పట్టిక ఇస్తుంది. 2022 నుంచి 2026 దాకా వర్తించే పట్టిక ప్రకారం వర్షాధారమైతే హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉంటే 17,000, తోటల్లాంటి బహువార్షిక పంటలకు 22,500. ఒక రైతుకు రెండు హెక్టార్ల వరకే, అంటే దాదాపు అయిదు ఎకరాలు.

మన లెక్కలోకి మార్చుకుందాం. 17,000 అంటే ఎకరాకు 6,900కి కాస్త తక్కువ. మిచాంగ్ వచ్చిన ఏడాది సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలు 2,183. డెబ్భై అయిదు కిలోల బస్తా 1,637 రూపాయలు. అంటే మొత్తం చేను పోయినా ఎకరాకు చేతికొచ్చేది నాలుగు బస్తాల ఖరీదు. అదే ఎకరానికి మన దగ్గర కౌలు ఎంత? పదిహేను బస్తాలకు దొరికితే అదృష్టం అనుకుంటున్నాం, నీళ్లు బాగా అందే చోట ఇరవై. దున్నకం, నాట్లు, ఎరువులు, మందులు, కోత మిషను కిరాయి ఇవన్నీ నేను చెప్పనే లేదు.

2024 సెప్టెంబరు వరదల తర్వాత రాష్ట్ర ప్రభుత్వం వరికి హెక్టారుకు 25,000, ఎకరాకు పది వేలు అని కేంద్రం పట్టికను దాటి పెంచింది. తెలంగాణలో 2023 మార్చి వడగళ్ల వానలప్పుడు కూడా ఎకరాకు పది వేలే ప్రకటించారు. పెరిగింది, సంతోషం. అయినా దాదాపు ఆరు బస్తాల విలువే. దీన్ని పోయిన పంటకు వెలగా చూడకండి. కేంద్రం నిబంధనలు కూడా దీన్ని నష్టం పూడ్చే సొమ్ముగా చూడవు, మళ్లీ సాగు మొదలుపెట్టడానికి చేసే సాయంగానే లెక్కిస్తాయి. పోయిన పంట విలువకు దగ్గరగా ఏదైనా రావాలంటే అది బీమా నుంచే రావాలి, దాని గురించి మాట్లాడాలంటే ఇంకో సభ పెట్టాలి.

మళ్లీ సాగుకి అన్నప్పుడు డబ్బు మళ్లీ దుక్కి దున్నే వేళకు రావాలి కదా. డిసెంబరు తుపానుకు సాయం విడుదల ప్రకటన 2024 మార్చిలో వచ్చింది. మినుము చల్లుకోవాల్సింది డిసెంబరులో. ఆ మూడు నెలలూ రైతు దేనితో బతికాడు? ఎరువుల కొట్టు అప్పుతో, మెడలో వస్తువుతో.

సరే, ఇక అసలు సంగతి.

ఈ డబ్బు పొలం కాగితం వెంట పోతోంది. పంట వేసినవాడి వెంట పోవడం లేదు. నేను ఇన్నేళ్లు ఈ శాఖలో పనిచేసి చెబుతున్న మాట ఇది.

ఒక ఊళ్లో జరిగింది చెబుతాను, ఊరి పేరు వద్దు. తుపాను సాయం జాబితా రైతు సేవా కేంద్రం గోడకు అంటించాం. అభ్యంతరాలుంటే చెప్పుకోవడానికి కొద్ది రోజుల గడువు. ఒకావిడ వచ్చింది, చేతిలో సంచి, కాళ్లకు ఇంకా చేలో బురద ఆరలేదు. మూడెకరాల కౌలు. తనకు చదువు రాదు. పక్కనున్న కుర్రాణ్ణి చదవమంది. సర్వే నంబరు దొరికింది. ఎదురుగా ఉన్నది భూమి యజమాని పేరు. ఆయన ఊళ్లో ఉండడు, పాతికేళ్లుగా పట్నంలో ఉంటాడు. ఆవిడ గొడవ చేయలేదు. ‘‘ఆయన మంచోడేనయ్యా, సగమన్నా ఇత్తాడులే’’ అంది. ఆ యజమాని నిజంగా మంచివాడే కావచ్చు. కానీ నారు పోసి, నాటు వేసి, కలుపు తీసి, తుపాను రాత్రి బరకం పట్టుకుని కుప్ప దగ్గర కూర్చున్న మనిషి ప్రభుత్వ సాయం కోసం ఇంకొకరి మంచితనం మీద ఆధారపడాలా? పైగా పంట పోయినా ఆయన కౌలు ఆయనకు చెల్లాలి. కొందరు తగ్గిస్తారు, కొందరు వచ్చే ఏడుకి జమ వేస్తారు. నష్టం మటుకు పూర్తిగా ఆవిడదే.

అలాంటప్పుడు చట్టం ఏమీ లేదా అంటే ఉంది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. పదకొండు నెలలకు ఒప్పందం, దాని మీద కార్డు, మనం సీసీఆర్‌సీ అంటున్నది. ఈ కార్డుతో కౌలుదారుకి పంట మీద, పంటకు వచ్చే సాయం మీదే హక్కు. భూమి మీద ఏ హక్కూ రాదని చట్టమే చెబుతోంది. అయినా యజమాని సంతకం పెట్టాలి. అక్కడే బండి ఆగిపోతోంది.

యజమానులు ఇక్కడ కూడా ఉన్నారు, మిమ్మల్ని దోషులుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. మీ భయం ఎక్కడిదో నాకు తెలుసు. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం మన తాతల కాలం నుంచీ మనసులో ఉండిపోయింది. కాగితం మీద కౌలుదారు పేరు పడితే భూమి చేయిజారుతుందని. రెండోది పైకి చెప్పని కారణం, బ్యాంకు. అదే పొలం మీద మీరు తక్కువ వడ్డీకి పంట రుణం తీసుకుని ఉంటారు. కౌలుదారుకి కార్డు ఇస్తే ఆ రుణానికి అడ్డొస్తుందేమోనని. మొదటి భయానికి 2019 చట్టంలో జవాబు ఉంది. రెండోదానికి జవాబు చెప్పాల్సింది బ్యాంకులూ ప్రభుత్వమూ, దానికి కౌలుదారు బలి కాకూడదు.

అంతకుముందు, 2011లో, మన ఉమ్మడి రాష్ట్రంలో ఇంకో చట్టం ఉండేది. రుణ అర్హత కార్డులు ఇచ్చేవాళ్లం. గ్రామసభలో అడిగేవాళ్లం, ఫలానా చేను ఎవరు చేస్తున్నారని. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే కదా, ఎవరి గట్టు మీద ఎవరి గొడ్లు మేస్తున్నాయో కూడా తెలుసు. యజమాని సంతకంతో పని లేకుండా రెవెన్యూ వాళ్లు కార్డు ఇచ్చేవాళ్లు. బ్యాంకులు ఆ కార్డులకు అప్పు ఇవ్వడానికి వెనకాడాయి, అది వేరే కథ. కానీ విపత్తు సాయానికి మటుకు ఆ పద్ధతే సరైనదని నా గట్టి నమ్మకం. సంతకం అడగక్కర్లేదు, ఊరిని అడగాలి.

అమెరికా సంగతి ఒకటి చెబుతాను. మన పిల్లలు చాలామంది అక్కడున్నారు కానీ సాఫ్ట్‌వేర్ తప్ప అక్కడి సాగు సంగతి మనకు తెలీదు. అక్కడ కౌంటీ అనేది మన జిల్లాకూ మండలానికీ మధ్యలో ఉండే పాలనా ప్రాంతం అనుకోండి. వ్యవసాయ శాఖ కింద ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ అని ఒక సంస్థ ఉంది, దానికి కౌంటీల్లో కార్యాలయాలు. రైతు ఏటా అక్కడికి వెళ్లి ఏ పొలంలో ఏ పంట ఎంత వేశాడో రాయించాలి. ఏ చేలో ఏ పంట ఉందో మన దగ్గర రాసే ఈ-పంట నమోదు లాంటిదే. కాకపోతే ఆ కాగితంలో ఆ పంటలో ఎవరి వాటా ఎంతో కూడా రాస్తారు. పాలు కౌలైతే యజమానికి ఇంత, సాగుదారుకి ఇంత. నగదు కౌలైతే యజమానికి పంట నష్టంతో సంబంధం లేదు కాబట్టి పంట సాయంలో అతనికి వాటా ఉండదు, మొత్తం సాగుదారుకే. పంట పోతే ఎవరు నష్టపోతారో వాళ్లకే సాయం. సూత్రం అంతే. ఆ కార్యాలయం మీద రైతులే ఓటేసి ఎన్నుకున్న కౌంటీ కమిటీ ఉంటుంది. అర్హత మీద తగాదా వస్తే ముందు ఆ కమిటీ దగ్గరికే పోవచ్చు.

అక్కడ అంతా బాగుందని కాదు. వాళ్ల పథకాల్లో ఎకరాలు ఎక్కువున్నవాడికి డబ్బూ ఎక్కువే పోతుంది. కొన్ని పథకాల్లో ఒక మనిషికి ఏడాదికి లక్షా పాతికవేల డాలర్ల దాకా అనుమతి ఉంది. మన రెండు హెక్టార్ల హద్దు చిన్న రైతుని చూసి పెట్టింది, అది ఉండాల్సిందే. వాళ్ల దగ్గర మనం తీసుకోవాల్సింది వాటా రాసే ఆ ఒక్క గడి.

ఆ గడి మన దగ్గర లేదా అంటే, ఈ-పంటలో సాగుదారు ఎవరో రాసే వీలు మనకూ ఉంది. అది నింపేటప్పుడు 1బీ, అడంగల్ అనే భూమి రికార్డులు చూసి యజమాని పేరు ఎక్కించేస్తే పని తేలిక, చేలో ఉన్న మనిషిని అడిగి రాస్తే పని కష్టం. చాలాచోట్ల తేలికైనదే జరుగుతోంది. అందుకే తుపాను వచ్చాక అధికారుల చుట్టూ తిరిగితే లాభం తక్కువ, అప్పటికి జాబితా పుట్టేసి ఉంటుంది. ఆగస్టులో, సెప్టెంబరులో మీ చేను ఫోటో తీసినప్పుడే తేలిపోతుంది నవంబరు తుపాను డబ్బు ఎవరికో.

కౌలుదారుల మాటే కాదు. మొగుడు పోయి భూమి పేరు మారని ఆడవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారసత్వం ఎక్కించలేదు, అన్నదమ్ముల మధ్య తగవు, ధ్రువపత్రం రాలేదు. పొలం ఆవిడే చేస్తుంది, రికార్డులో పోయినాయన పేరే ఉంది. పోయిన మనిషి వేలిముద్ర వేయలేడు కదా, నమోదు అక్కడే ఆగుతుంది. తహశీల్దారు దగ్గర ఈ వారసత్వం కేసులు వానాకాలం మొదలయ్యేలోగా తేల్చమని పంచాయతీల తరఫున అడగాలి.

లంకల వాళ్లది మరీ అన్యాయం. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. అంతకుముందెప్పుడూ అంత నీరు రాలేదు. కొల్లూరు, భట్టిప్రోలు మండలాల్లో లంకలు మునిగాయి. పసుపు, అరటి, కంద. ఒక పంటకు ఏడాది పొడుగునా పెట్టుబడి పెడుతూ పోవాలి, వరిలా నాలుగు నెలల్లో తేలే పంటలు కావు. అక్కడ చాలా భూములకు పట్టాలే సరిగ్గా లేవు. ఏరు కోసేస్తుంది, ఇంకోచోట మేట వేస్తుంది, సర్వే రాళ్లు కొట్టుకుపోతాయి. ఇసుక మేట మూడంగుళాలు దాటితే తీయించుకోవడానికి హెక్టారుకు 18,000 ఇవ్వొచ్చని అదే కేంద్ర పట్టికలో ఉంది, చిన్న, సన్నకారు రైతులకు. ఏరు భూమినే కోసుకుపోతే హెక్టారుకు 47,000. ఈ రెండూ ఉన్నాయని లంకల్లో ఎంతమందికి తెలుసు? అడిగినవాళ్లే తక్కువ. అడిగితే కాగితం ఏదీ అంటారు. నది మార్చేసిన భూమికి నిరుటి కాగితం తెమ్మంటే ఎక్కడ తెస్తారు? అక్కడ మటుకు గ్రామసభ తీర్మానాన్నే ఆధారంగా తీసుకోవాలని నేను లిఖితపూర్వకంగా కూడా అడిగాను, మళ్లీ అడుగుతాను.

ఇక మీ చేతుల్లో ఉన్నది చెబుతాను. కౌలు మాట్లాడుకున్న రోజే యజమానిని కార్డు సంతకం అడగండి. నాట్లు వేశాక అడిగితే మీ చేయి కింద ఉంటుంది. ఆయన ఒప్పుకోకపోతే, ఈ-పంట కోసం సహాయకుడు వచ్చినప్పుడు మీరే చేలో నిలబడి, సాగుదారు నేనని రాయించండి, వేలిముద్ర మీరే వేయండి. నమోదు రసీదు తీసుకుని దాచండి. ముసాయిదా జాబితా గోడకు అంటించిన రోజునే వెళ్లి చూడండి. మీ పేరు లేకపోతే నోటితో చెప్పి రాకండి, కాగితం మీద రాసి ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. మీ ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు కలిసి ఉందో ఇప్పుడే కనుక్కోండి. ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఖాతాలో డబ్బు పడి, అది పాత అప్పుకి జమైపోయినవాళ్లను నేను చూశాను.

యజమానులకు ఒక్క మాట. మీలో చాలామంది ఒకప్పుడు కౌలుకు చేసినవాళ్లే, మీ నాన్నలు కచ్చితంగా చేశారు. సంతకం పెడితే భూమి పోదు. ఒకవేళ డబ్బు మీ ఖాతాలో పడితే, పంట ఎవరిదో వాళ్లకు ఆ రోజే ఇచ్చేయండి. సగం కాదు, మొత్తం.

అధికారుల నుంచి ఎవరైనా ఉంటే, నా తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే, మీకు నా విన్నపం. ఈసారి ఈ-పంట జాబితాను ఫోన్‌లో మూసేయకముందు ఒక సాయంత్రం రచ్చబండ దగ్గర చదివించండి. సర్వే నంబరు, సాగుదారు పేరు. గట్టిగా చదివితే చాలు, తప్పు పేరు పడినచోట ఊరే చెబుతుంది. అరగంట పని.

కౌలు చేస్తున్నవాళ్లు ముందు వరసలోకి రండి. కార్డు దరఖాస్తు ఎలా నింపాలో ఇప్పుడే కూర్చుని చూద్దాం, ఆధార్, పాస్‌బుక్ నకళ్లు తెచ్చుకున్నవాళ్లవి ముందు.